20 కిలోలు తగ్గాలంటే ముందు ఇంట్లో నూనె లెక్క చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 38, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. ఉప్పల్‌లో ఇల్లు, రాయదుర్గం దగ్గర ఆఫీసు. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా షిఫ్టు. క్యాబ్‌లో ఇంటికొచ్చి తినేసరికి పదిన్నర దాటుతుంది. మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే అంకె, 6.1 వచ్చింది. నాలుగేళ్ల కిందట అన్నం పూర్తిగా మానేసే డైట్ చేసి మూడు నెలల్లో 11 కిలోలు తగ్గారు, తర్వాత ఏడాదిన్నరలో 14 పెరిగారు. ఇంట్లో అమ్మగారు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఏ డైట్ మంచిది, నాలుగు నెలల్లో ఉన్న చెల్లెలి పెళ్లిలోపు 20 కిలోలు తగ్గొచ్చా, కుదరకపోతే ఇంజక్షన్లు వాడొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను డైటీషియన్‌ని. ఈ హైదరాబాద్‌లోనే 22 ఏళ్లుగా ఇదే పని. ముందు ఆస్పత్రిలో చేశాను, ఇప్పుడు నల్లకుంటలో చిన్న క్లినిక్ ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పెళ్లిలోపు 20 కిలోలు తగ్గరు. నాలుగు నెలల్లో 6 నుంచి 8 కిలోలు తగ్గితే అది చాలా మంచి ఫలితం. "అంతేనా?" అనిపిస్తుందని తెలుసు. కానీ మీకు ఇప్పుడు అర్జెంటుగా కావలసింది సూటు పట్టడం కాదు, ఆ 6.1 అనే అంకె. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు లెక్క. అమెరికాలో ఇలాంటివాళ్లను మూడువేల మందికి పైగా తీసుకుని చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం, ఈ రెండే లక్ష్యాలు. సుమారు మూడేళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. మనవాళ్లపై చెన్నైలో ఇలాంటిదే చేస్తే, 2006లో వచ్చిన ఫలితాల్లో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు సుమారు 28 శాతం మేలు కనిపించింది. అమెరికావాళ్లంత కాకపోయినా తీసిపారేసేది కాదు. మీ 94లో 7 శాతం అంటే ఆరున్నర కిలోలు. ముందు అక్కడికి చేరండి, తర్వాతి సంగతి తర్వాత చూద్దాం.

పోయిన బరువు మళ్లీ ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు "నాకు కంట్రోల్ లేదు" అని రాసుకున్నారు. కంట్రోల్ లేనివాడు మూడు నెలలు అన్నం ముట్టకుండా ఉండగలడా? తప్పు అక్కడ లేదు. మన శరీరం కొంత పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా ఆపేస్తే మొదటి వారం పదిరోజుల్లో ఈ నిల్వ, దాంతోపాటు నీరు పోతాయి. మిషన్ మీద మూడు కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది, మనకు ఉత్సాహం వస్తుంది. మళ్లీ అన్నం మొదలుపెట్టిన వారంలోనే ఆ నీరు తిరిగొస్తుంది, మనకు నీరసం వస్తుంది. అసలు నష్టం కండలో జరుగుతుంది. వ్యాయామం లేకుండా గబగబా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. పైగా బరువు తగ్గిన శరీరానికి రోజు గడవడానికి ఇంధనం తక్కువ సరిపోతుంది, ఆకలి మాత్రం ముందటికంటే ఎక్కువ వేస్తుంది. అలాంటి స్థితిలో పాత వంటింటికి, పాత కంచానికి తిరిగి వెళ్లారు. 14 పెరగడంలో వింతేముంది?

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. నేను ఆయనకు చక్కగా చార్టు రాసిచ్చాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి సూపు, సలాడ్, అందులో బ్రకోలీ, ఆలివ్ నూనె. ఆ పెద్దావిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మరి ఇంట్లో మిగతావాళ్లకి ఏం వండాలమ్మా?" అని అడిగారు. "మీకు మామూలుగానే వండుకోండి" అన్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో పెట్టుకున్నారు. మూడు నెలల తర్వాత ఆయన రెండు కిలోలు పెరిగి వచ్చారు. అయిదుగురున్న ఇంట్లో ఒక్కడికి వేరే వంట ఎన్నాళ్లు సాగుతుంది? ఒకే పొయ్యి మీద పప్పుచారు మరుగుతుంటే పక్కనే ఒక్కడు ఆకులు నములుతూ ఎన్నాళ్లు కూర్చుంటాడు? అప్పటి నుంచి నేను మొదటిసారి వచ్చినవాళ్లకు చార్టు ఇవ్వడం మానేశాను. "మీ ఇంట్లో వండేదెవరు? వచ్చేసారి వాళ్లను తీసుకురండి" అంటాను. మీకు డైట్ పేరు చెప్పకపోవడానికి కారణం ఇదే. మీ ఇంట్లో వండే వంటే వండాలి, దాని కొలతలు మారాలి.

మొట్టమొదట నూనె. ఎవరిని అడిగినా "మేం నూనె చాలా తక్కువండీ" అంటారు. అబద్ధమాడాలని కాదు, లెక్క తెలియక. కూరకు ఎంత పోశారని అడిగితే చెప్పలేరుగానీ, నెలకు ఎన్ని ప్యాకెట్లు తెచ్చారో కిరాణా చీటీ చెబుతుంది. రామంతాపూర్ నుంచి వచ్చే ఒక కుటుంబంలో నలుగురు పెద్దవాళ్లు, నెలకు ఏడు లీటర్ల ప్యాకెట్లు. అంటే తలకు రోజుకు 53 గ్రాములు. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, ఎన్‌ఐఎన్, దేశం మొత్తానికి తిండి లెక్కలు చెప్పేది అదే. వాళ్లు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు అన్నారు. ఈ ఇంట్లో దానికి రెట్టింపు. గ్రాము నూనెకు 9 కేలరీలు. వేయించాక మిగిలి పారబోసింది కొంత తీసేసినా, ఒక్కొక్కరి కడుపులోకి రోజూ 200 కేలరీలు అదనంగా, ఎవరి కంటికీ కనపడకుండా వెళ్తున్నాయి. బయట తిన్న నూనె ఇందులో లేదు.

ఆ ఇంట్లో చేసిన మార్పు ఇంతే. నెల మొదటి తారీఖున నాలుగు లీటర్లు ఒక స్టీలు క్యాన్‌లో పోసి పక్కన పెట్టారు, నెలంతా అందులోంచే. కూరకి ప్యాకెట్‌తో వంచడం మానేసి టీ స్పూన్‌తో కొలిచి వేయడం మొదలుపెట్టారు. మొదటి నెల 22వ తారీఖుకే క్యాన్ ఖాళీ అయింది. రెండో నెల 27 దాకా వచ్చింది. మూడో నెల సరిపోయింది. అత్తగారు మొదట్లో "ఇదేం కూర, రుచీ పచీ లేదు" అని గొణిగారట, తర్వాత అలవాటు పడిపోయారు.

నూనె తగ్గిస్తే కూర మాడుతుందని మీ ఇంట్లో కూడా అంటారు. దొండకాయ వేపుడే తీసుకోండి. మామూలుగా మూకుడులో నాలుగైదు గరిటెల నూనె పోసి, ముక్కలు అందులోనే ఉడికీ ఉడకక వేగేదాకా తిప్పుతాం. దాని బదులు ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుప్పెడు నీళ్లు చల్లి, మూత పెట్టి సన్నసెగ మీద మెత్తబడనివ్వండి. నీరు ఇంకాక మూత తీసి అప్పుడు రెండు స్పూన్ల నూనె వేసి పది నిమిషాలు ఎర్రగా వేగనివ్వాలి. లోపలిదాకా ఉడికిన ముక్క నూనె పెద్దగా పీల్చదు. చివర్లో వెల్లుల్లికారమో, వేయించిన పల్లీల పొడో ఒక చెంచా. రుచి ఎక్కడికీ పోదు. బెండకాయకు నీళ్లు చల్లకండి, జిగురవుతుంది; దాన్ని తడి లేకుండా తుడిచి, మూత లేకుండా వేయించాలి. వంకాయకు మాత్రం నేను ఇప్పటికీ ఓడిపోతూనే ఉన్నాను, అది నూనె తాగకుండా ఊరుకోదు. గుత్తి వంకాయ నెలకు రెండుసార్లు అనుకోండి, అంతే.

ఇక అన్నం. మానేయమని చెప్పను. మనం అన్నం ఎక్కువ తినడానికి కారణం ఆకలి కంటే మన భోజనం వరస. పప్పుతో ఒక వాయి, కూరతో ఒక వాయి, పులుసో చారో పోసుకుని ఇంకో వాయి, చివర పెరుగుతో మరో వాయి. ప్రతి వాయికీ కొంచెం కొంచెం అన్నం పెట్టుకుంటాం, కొసరి వడ్డించేవాళ్లు ఉంటే ఇంకాస్త. ఒకసారి కంచంలో పెట్టే ముందు వంటింటి త్రాసు మీద తూచి చూడండి. క్లినిక్‌లో నేను తూచమన్న మగవాళ్లలో చాలామందికి ఒక పూటకు 400 గ్రాములు దాటింది. 100 గ్రాముల అన్నానికి దాదాపు 130 కేలరీలు, అంటే 400 గ్రాములకు 520. మీరు ముందు పూటకు 250 గ్రాములకు రండి. చారు గ్లాసులో పోసుకుని తాగేయండి, దానికి అన్నం అక్కర్లేదు. పెరుగు గిన్నెలో తీసుకుని చెంచాతో తినండి. అప్పుడు అన్నం పప్పుకి, కూరకి మాత్రమే కావాలి. అలాగని ఆకలితో లేవకండి. కూర పరిమాణం పెంచాలి. మన ఇళ్లలో కూర అంటే అన్నం కలుపుకోవడానికి ఇంత. ఎన్‌ఐఎన్ లెక్కలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములైతే కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. అంటే అయిదుగురికి పూటకు కిలో కూరగాయ. ఇది చదివి మీ ఆవిడ నామీద కోప్పడతారు, న్యాయమే. అందుకే ఆదివారం పొద్దున సరూర్‌నగర్ రైతుబజార్‌కి సంచి పట్టుకుని మీరే వెళ్లండి. ఆకుకూరలు ఏరడం, సొరకాయ తరగడం మీ వంతు. బరువు మీది, కత్తిపీట ఆవిడదా?

కొర్రలు, సామలు తింటే తగ్గుతారా అని మీరు అడగలేదుగానీ ఎవరో ఒకరు అడుగుతారు. కొర్రల్లోనూ జొన్నల్లోనూ గ్రాముకు కేలరీలు ఇంచుమించు బియ్యంలో ఉన్నన్నే. పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండినట్టుంటుంది, షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. కానీ గుట్టలా కొర్రన్నం పెట్టుకుని "మేడం, తగ్గడం లేదు" అంటే నేనేం చేయను? జొన్నరొట్టె మాత్రం నాకిష్టం, నూనె లేకుండా కాలుతుంది, నమలడానికి టైం పడుతుంది. ఇంట్లో కొట్టడం రాకపోతే సాయంత్రం వేడివేడిగా కాల్చి అమ్మేవాళ్లు ఇప్పుడు దాదాపు ప్రతి కాలనీ మలుపులో ఉన్నారు. రెండు తెచ్చుకుని పప్పుతోనో ఆకుకూరతోనో తినండి.

మీరు రాసిన తిండిలో ప్రొటీన్ దాదాపు లేదు. ఇడ్లీ, అన్నం, పలచని పప్పుచారు, టీ, పఫ్, మళ్లీ అన్నం. మీ ఎత్తుకు రోజుకు 70 నుంచి 80 గ్రాములు పెట్టుకుందాం. కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే మాత్రం ఈ అంకె డాక్టర్‌ని అడగనిదే పాటించకండి. గుడ్డుకు 6 గ్రాములు, చిక్కటి ముద్దపప్పు ఒక కప్పుకు ఏడెనిమిది, పెద్ద గిన్నెడు పెరుగుకు ఆరేడు, నూరు గ్రాముల పచ్చి చికెన్‌కు 20కి పైగా, గుప్పెడు వేయించిన శనగలకు 6. పొద్దున ఇడ్లీ నాలుగు బదులు రెండు చేసి, రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. వారంలో రెండు రోజులు పెసరట్టు. పెసరట్టు చాలా మంచి టిఫిన్. అందులో కూర్చున్న ఎమ్మెల్యేని మాత్రం దించేయండి, ఆ ఉప్మా అక్కర్లేదు. బండి మీద తినేటప్పుడు "నూనె తక్కువ, బటర్ వద్దు" అని చెబితే ఏమనుకోరు, నేను రోజూ చెబుతాను.

ఇప్పుడు మీ అసలు చిక్కుకి వస్తాను. రాత్రి పదిన్నర భోజనం. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నవాడికి సాయంత్రం అయిదున్నరకు ఆకలేస్తుంది, ఆఫీసు కింద బేకరీలో ఎగ్ పఫ్, టీ. సుమారు 250, 300 కేలరీలు, గంటన్నరలో మళ్లీ ఆకలి. ఇంటికొచ్చేసరికి ప్రాణం పోతున్నట్టుంటుంది, అమ్మగారు కూర్చోబెట్టి వడ్డిస్తారు, పదకొండుకి నిండు కడుపుతో ఫోన్ చూస్తూ ఒంటిగంటకు నిద్ర. దీన్ని ఒక్క డబ్బాతో మార్చవచ్చు. రాత్రి భోజనం పొద్దునే డబ్బా కట్టుకుని వెళ్లి, ఏడున్నరకు ఆఫీసులో తినేయండి. ఫ్రిజ్, ఓవెన్ ఉన్నాయని మీరే రాశారు. అయిదున్నరకు పఫ్ బదులు శనగలో, ఉడికించిన బొబ్బర్లో, ఒక జామకాయో. ఇంటికొచ్చాక మజ్జిగ ఒక గ్లాసు.

డబ్బా కట్టడం కష్టం కాదు, అమ్మకు చెప్పడమే కష్టం. కొడుకు వచ్చేదాకా తినకుండా కూర్చునే తల్లి, "బయటే తినేశానమ్మా" అంటే ఎలా తీసుకుంటుందో నాకు తెలుసు. క్లినిక్‌కి వచ్చిన ఇంకో తల్లికి నేను ఇలా చెప్పాను: "మీ చేతి వంటే తింటున్నాడమ్మా, మూడు గంటలు ముందు తింటున్నాడు, అంతే. రాత్రి వచ్చాక మజ్జిగ మీరే కలిపివ్వండి." ఆవిడ అందులో జీలకర్ర, కరివేపాకు దంచి వేసి, పెద్ద ఇత్తడి గ్లాసులో ఇవ్వడం మొదలుపెట్టారు. మీ అమ్మగారికి 60 దాటాయి కాబట్టి ఆవిడ కూడా ఎనిమిదికల్లా తినేస్తే ఆవిడకే మంచిది, ఆ మాట కూడా చెప్పండి.

టీ గురించి రెండు ముక్కలు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు స్పూన్ల చక్కెర అంటే 40 గ్రాముల దాకా. 25 దాటకుండా చూసుకోవాలి. ఇరానీ చాయ్ మానమంటే హైదరాబాద్‌లో నా క్లినిక్ మూసుకోవాల్సిందే, కాబట్టి రోజుకు ఒకటి మీకిష్టమైనట్టు తాగండి, మిగతావి చక్కెర లేకుండా. రెండు వారాలు చేదుగా ఉంటుంది. ఉస్మానియా బిస్కెట్ ఒకటి చాలు, ప్లేటు కాదు.

ఇంతవరకు చెప్పినవి కూడి చూడండి. నూనెలో 150, అన్నంలో రెండు పూటలకు 390 తగ్గినా కూర, గుడ్లు పెరిగినవి పోగా 150, టీ చక్కెరలో 100, పఫ్‌లో 150. రోజుకు 500, 550 కేలరీలు తగ్గాయి. వారానికి అర కిలో తగ్గడానికి కావలసింది సుమారు అంతే. ఏదీ మానలేదు, ఎవరికీ వేరే వంట లేదు.

వీకెండ్ బిర్యానీ మానేస్తానని రాశారు. మానకండి, మీవల్ల కాదు, నావల్లా కాదు. మన హోటళ్లలో సింగిల్ అంటే పేరుకే సింగిల్, అది ఇద్దరి తిండి. మీ అయిదుగురికి ఎన్ని తెప్పిస్తారో అందులోంచి ఒకటి తగ్గించి, ఆ డబ్బుతో ఒక తందూరీ చికెన్ చెప్పండి. ఇంట్లో పెద్ద గిన్నెడు ఉల్లి, కీరా, టమాటా పెరుగు పచ్చడి చేసుకుని, కంచంలో ముందు అది పెట్టుకోండి. మిర్చీ కా సాలన్ అంటే పల్లీలు, నువ్వులు, నూనె. రెండు చెంచాలు చాలు. మర్నాడు మిషన్ ఎక్కితే కిలో ఎక్కువ చూపిస్తుంది, ఉప్పుతో నిలిచిన నీరు అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. కంగారుపడి సోమవారం ఉపవాసం ఉండకండి. శనివారం ముంచేసి, సోమవారం మాడ్చేసే ఈ ఆట వల్లే సగం మంది ఆరు నెలలు అక్కడక్కడే తిరుగుతారు. చెల్లెలి పెళ్లిలో కూడా అంతే, ముహూర్తం రోజు హాయిగా తినండి. పెళ్లి తర్వాత పది రోజులు ఇంట్లో మిగిలే అరిసెలు, లడ్డూల డబ్బా దగ్గర జాగ్రత్త.

నడక విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంటుంది. ముప్పావుగంట నడిస్తే మీ బరువుకు 200 కేలరీల పైచిలుకు ఖర్చవుతాయి. పార్కు గేటు దగ్గర ఒక ప్లేటు మిర్చి బజ్జీతో అవి తిరిగొచ్చేస్తాయి. కేబీఆర్ పార్కు చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుతూ కిలో కూడా తగ్గనివాళ్లు నాకు బాగా తెలుసు, నడక అయ్యాక వాళ్లు ఎక్కడ టిఫిన్ చేస్తారో కూడా తెలుసు. బరువు తగ్గించేది ప్రధానంగా తిండి. తగ్గిన బరువును పట్టి ఉంచేది, షుగర్‌ని అదుపులో పెట్టేది నడక. అందుకని తప్పదు. మీకు విడిగా టైం లేదన్నారు కాబట్టి ఒక మాట. మీ ఇల్లు ఉప్పల్, ఆఫీసు రాయదుర్గం. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో నేరుగా ఉంది, రైలు మారే పని లేదు. క్యాబ్ మానేసి ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ఆఫీసుకి నడవండి, మెట్లెక్కండి. రెండువైపులా కలిపి నలభై నిమిషాలు తేలిగ్గా వస్తుంది, అదీ వారానికి అయిదు రోజులు. 150 నిమిషాల లక్ష్యం దానంతటదే దాటిపోతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక పది నిమిషాలు కారిడార్లో అటూ ఇటూ తిరిగితే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది.

దీనికి తోడు వారంలో రెండు రోజులు కండకు పని చెప్పాలి, పోయినసారి మీరు వదిలేసింది ఇదే. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం 12 సార్లు, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు 12, నీళ్ల డబ్బా పట్టుకుని వంగి లేవడం 12. మూడు విడతలు. మోకాళ్ల నొప్పి ఉంటే ముందు చూపించుకోండి. నిద్ర కనీసం ఏడు గంటలు. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, మర్నాడు తీపి, నూనె మీదకే మనసు పోతుంది. గురక గట్టిగా పెడతారని, పగలు కునుకు వస్తుందని రాశారు, దాన్ని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఈ బరువులో మామూలే. థైరాయిడ్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు కూడా ఒకసారి చేయించండి.

ఇంజక్షన్లు. టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ బరువు తగ్గించే ఇంజక్షన్లుగా 2025లో మన దేశంలోకి వచ్చాయి. పనిచేస్తాయి, మోసం కాదు. మీ బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, 32.5, కాబట్టి డాక్టర్ చూసి ఇవ్వవచ్చు కూడా. వాడడం సిగ్గుపడాల్సిన పని కాదు. కానీ ఆపేశాక పోయిన బరువులో చాలా భాగం తిరిగొచ్చినట్టు అధ్యయనాల్లోనే తేలింది. వాడుతున్నప్పుడు ఆకలి చచ్చిపోయి ప్రొటీన్ తినరు, అప్పుడు కండ కరుగుతుంది. అందుకని అవి వాడినా నూనె క్యాన్, గుడ్లు, కుర్చీ వ్యాయామం ఎలాగూ తప్పవు. నా సలహా అయితే ముందు ఆరు నెలలు ఇలా చేసి చూడమని. అప్పటికీ హెచ్‌బీఏ1సీ దిగకపోతే ఎండోక్రైనాలజిస్ట్ (షుగర్, హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లండి. స్నేహితుడు వాడుతున్నాడని మందుల షాపులో కొనడం మాత్రం చేయకండి.

బరువు వారానికి ఒక్కసారే చూసుకోండి, పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే మిషన్ మీద. టేపుతో నడుం కూడా కొలవండి, పొట్ట లోపలికి పీల్చకుండా. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ అంటారు, ఆడవాళ్లకు 80. మూడో నెలలోనో నాలుగో నెలలోనో మిషన్ కదలడం మానేస్తుంది, అందరికీ జరిగేదే. చిన్నదైన శరీరం తక్కువ ఖర్చు పెడుతుంది, మన కొలతలు కూడా అప్పటికి కొంచెం కొంచెంగా జారి ఉంటాయి. అప్పుడు కొత్త డైట్ వెతకకుండా మళ్లీ ఒక వారం అన్నం తూచండి, నూనె చెంచాలు లెక్కపెట్టండి. పదిమందిలో ఎనిమిదిమందికి అక్కడే దొరుకుతుంది.

ఇప్పటికి ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ వారం రెండే పనులు: అమ్మగారిని అడిగి పోయిన నెల ఎన్ని నూనె ప్యాకెట్లు తెగాయో, నెయ్యి ఎంతో రాసుకోండి, మధ్యాహ్నం డబ్బాలో పెట్టే అన్నాన్ని మూడు రోజులు తూచండి. ఆ అంకెలు ఇక్కడ రాస్తే క్యాన్‌లో ఎంత పోయాలో చెబుతాను. పిల్లల వయసు కూడా రాయండి, వాళ్ల పాలు, నెయ్యి మీ లెక్కలో కలపకూడదు.